నూట తొమ్మిది

జుమ్రెత బండి మూడోసారి వచ్చింది.
వెనక సీటు మడిచి
ఆరు చెక్క తొట్లలో గొర్రెపాల చీజ్.
ఉప్పునీటి వాసన, తడి ఉన్ని వాసన,
వాటి అడుగున ఎక్కడో డీజిల్.
"దారిలో ఆగిపోయింది" అంది.
ఎక్కడ?
"ఎక్కడ పడితే అక్కడ."
ఎప్పుడు?
"దానికి బుద్ధి పుట్టినప్పుడు."

తాళం తిప్పాను.
మొదటి తిప్పుకే అందుకుంది,
డాక్టరు గుమ్మం తొక్కగానే
జ్వరం దిగిపోయిన పిల్లాడిలా.
నాలుగు లక్షల కిలోమీటర్ల గోల్ఫ్,
గొంతులో చిన్న జీర కూడా లేదు.

మొదటిసారి ఫిల్టరు మార్చాను.
రెండోసారి, గాలి లాగుతోందేమోనని
నల్ల గొట్టం పీకి, లోపల కనబడే గొట్టం బిగించి
దీపం పట్టుకుని గంటసేపు బుడగల కోసం కాపు కాశాను.
ఒకటొచ్చింది. నింపాదిగా పాకుతూ పోయింది.
ఒక్క బుడగ మీద నేరం మోపలేం.
కంప్యూటరు తగిలిస్తే
తనకు తెలిసిన తప్పులేవీ లేవంది.

ఈసారి మూడు రోజులు నా దగ్గరే ఉంచుకున్నాను.
రొట్టెలకి అందులోనే, మేనకోడలి పెళ్లికి అందులోనే.
వ్లాషిచ్ కొండ సగం దాకా ఎక్కించి దించాను.
ఒక్కసారి తుమ్మితే ఒట్టు.
నా దగ్గర పని నేర్చుకునే అల్మెదిన్ అన్నాడు:
"మేస్త్రీ, రోగం బండిలో లేదేమో,
ఆవిడలో ఉందేమో."
నేను నవ్వలేదని చెప్పుకోవాలనుంది.
నవ్వాను.

నాలుగోసారి నేనే వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను.
హీటరు పూర్తిగా తిప్పి పెట్టుకుంటుంది,
మోకాళ్లు కదా.
నేనైతే మంచు పడుతున్నా అద్దం దించి నడుపుతాను,
ఇంజను వినబడాలని.
కొండ దిగుతుంటే, రెండో మలుపులో
దగ్గలేదు, వణకలేదు,
ఎవరో దీపం ఆర్పినట్టు
ఆగింది.
స్టీరింగు బండరాయైపోయింది.
పక్కన గడ్డిలోకి దొర్లించి, బ్రేకు మీద నిలబడి,
నా వైపు తిరిగింది జుమ్రెత.
కోపం కాదు. సంబరం.
ఎన్నాళ్లకో సాక్షి దొరికిన మనిషి మొహం.

"చూడు, ఆ పసుపు స్ప్రింగు దీపం వెలగట్లేదు.
మొదటి రోజే చెప్పాను కదా."

చెప్పింది.
నా తల అప్పుడు బానెట్ కింద ఉంది.
స్క్రూడ్రైవరు పిడి చెవికి ఆనించి
ఒక్కో ఇంజెక్టరునీ పలకరిస్తూ
ఆమెకి "ఊఁ" అన్నాను.

తలుపు తీసుకుని కూర్చున్నాం. చలి లోపలికొచ్చింది.
పావుగంటకి దీపం వెలిగింది, ఇంజను అందుకుంది.
నాకిక తొందర లేదు.

షెడ్డులో స్టీరింగు కింద వెల్లకిలా పడుకుని
అట్ట తీసి, వేళ్లతో తడుముతూ
అగ్గిపెట్టెంత రిలే ఒకటి లాగాను.
నెత్తిన నూట తొమ్మిది అని అంకె.
ఇంజనుకి కరెంటు తలుపు అదే.
డొప్ప విప్పి భూతద్దం పెట్టాను.
ఒక కాలి చుట్టూ, సీసం టంకంలో,
ఉంగరంలా పగులు.
చలికి ముడుచుకుని కలిసుంటుంది,
వెచ్చబడితే విడిపోతుంది.
జుమ్రెత మోకాళ్లకి కాచుకున్న వేడి
నేరుగా దాని మీదికే పోయేది.
అద్దం దించుకున్న నాకు
అదెందుకు దొరుకుతుంది?

టంకం పుల్ల ఆనించాను.
సన్నటి పొగ. ఒక చుక్క మెరిసి, మబ్బేసింది.
నిమిషం పట్టలేదు.

ఫిల్టరు డబ్బులు తిరిగిచ్చాను. తీసుకోలేదు.
ఒక తొట్టి దించి, "మళ్లీ రాదుగా?" అంది.
వస్తూ పోతూ ఉండే జబ్బుకి
నయమైందనడానికి గుర్తేమీ ఉండదు.
రాని రోజులు లెక్క పెట్టుకోవడమే.
అదే చెప్పాను.
"మా ఆయన తాగుడు మానినప్పుడూ ఇంతే" అని
హీటరు తిప్పుకుని వెళ్లింది.

గురువారం గురువారం సంతకి దిగుతుంది.
షెడ్డు ముందు గేరు మార్చే చప్పుడు నాకు తెలుసు.
ఇప్పటికి పదకొండు.
ఇవాళ పన్నెండోది.
తొమ్మిదిన్నరైంది.
అల్మెదిన్‌ని రేడియో తగ్గించమన్నాను.